అరకు లైను తగాదా: ముడి పడింది 2019లో కాదు, 1960లో

కొత్తవలస నుంచి అరకు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని బచేలి వెళ్లే లైను ఏ రైల్వే డివిజన్ కింద ఉండాలన్న వాదన మళ్లీ మొదటికొచ్చింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం విశాఖ కేంద్రంగా ఉన్న వాల్తేరు డివిజన్‌ను రెండుగా విడదీసింది. పలాస–విశాఖపట్నం–దువ్వాడ మెయిన్ లైనుతో కలిపి సుమారు 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజన్‌ పేరుతో దక్షిణ కోస్తా జోన్‌కు దక్కాయి. కొత్తవలస–బచేలి లైనుతో కలిపి సుమారు 680 కిలోమీటర్లు తూర్పు కోస్తా జోన్‌లో కొత్తగా పెట్టే రాయగడ డివిజన్ వాటాకు పోయాయి. బొర్రా, సిమిలిగూడ, అరకు స్టేషన్లు ఆంధ్ర నేల మీదే ఉన్నా, వాటి మీద అజమాయిషీ ఒడిశాలోని కార్యాలయానిది.

ఈ కథను అందరూ 2019 ఫిబ్రవరి 27న దక్షిణ కోస్తా జోన్ ప్రకటించిన రోజు నుంచి చెబుతున్నారు. ముడి పడింది 1960లో. బచేలి దగ్గరి బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని ఏటా 40 లక్షల టన్నుల చొప్పున జపాన్ ఉక్కు మిల్లులకు పంపే ఒప్పందం ఆ ఏడాది కుదిరింది. గని బైలదిల్లాలో, రేవు విశాఖలో అని ముందే తేలిపోయాయి. ఆ రెంటినీ కలిపే దారి తర్వాత గీశారు. 1966–67లో తెరిచిన ఆ లైను మీద 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు ఉన్నాయి. సిమిలిగూడ దగ్గర పట్టాలు 996 మీటర్ల ఎత్తుకు చేరాయి. దేశంలో అంతకంటే ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ చాలా ఏళ్ల పాటు లేదు. ఇంత శ్రమా ఖనిజం కోసం. మనుషులెక్కే బండి దాని వెనకాల వచ్చింది.

ఈ సంగతి కళ్లకు కట్టేది పాత ఫోటోల్లోనే. చలికాలంలో అనంతగిరి కొండల్లో నడిచేవాళ్లలో కొందరు పాత ఫోటో చేత పట్టుకుని, అదే చోట నిలబడి మళ్లీ తీస్తుంటారు. ముందు ఫోటో ఏ కాలానిదో తేల్చుకోవాలి. పట్టాల పైన కరెంటు తీగలు లేకపోతే అది 1980–82 విద్యుదీకరణకు ముందుది, బండిని లాగేది డీజిల్ ఇంజను. వాల్తేరు డీజిల్ షెడ్డు 1965లో వెలసిందే ఈ లైను కోసం. వ్యాగ్-6 రకం కరెంటు ఇంజను కనిపిస్తే 1987 తర్వాతిది. వాటిలో కొన్ని స్వీడన్‌కు చెందిన ASEA కంపెనీవి, కొన్ని జపాన్ హిటాచీవి, అన్నీ వాల్తేరు కరెంటు ఇంజన్ల షెడ్డువే. ఇంజను మీద ఆగ్నేయ రైల్వే అక్షరాలుంటే బహుశా 2003కు ముందుది. ఆ ఏడాది ఏప్రిల్ 1న వాల్తేరు డివిజన్ తూర్పు కోస్తా జోన్‌లో చేరింది. అంటే ఈ కొండల పైన జోన్ పేరు ఇదివరకే ఒకసారి మారింది. కాకపోతే అప్పుడు డివిజన్ చెక్కుచెదరలేదు, కార్యాలయం విశాఖలోనే ఉంది. అప్పటికీ ఇప్పటికీ తేడా అంతా అక్కడే.

ఇక నిలబడే చోటు. ఫోటోలో దగ్గరి వస్తువు ఒకటి, దూరపు కొండకొన ఒకటి ఎంచుకోవాలి. సిగ్నల్ స్తంభం పాత ఫోటోలో కంటే శిఖరానికి ఎడమగా కనిపిస్తే మీరు కుడికి ఎక్కువ జరిగారన్నమాట, ఎడమకు రావాలి. ముందూ వెనకలు కూడా ఇలాగే సరిచేసుకోవాలి. చాలామంది ఇక్కడే జూమ్‌తో సరిపెట్టబోయి దెబ్బతింటారు. దగ్గరి వస్తువుకూ దూరపు కొండకూ మధ్య పరిమాణాల నిష్పత్తి లెన్సు వల్ల మారదు, అడుగు కదిపితేనే మారుతుంది. ఎత్తు కూడా చూసుకోవాలి. చతురస్రపు ఫోటోలు చాలావరకు నడుము దగ్గర పట్టుకుని పైనుంచి చూసే కెమెరాలతో తీసినవి. కంటి ఎత్తున తీస్తే అర మీటరు తేడా వచ్చి కంచె, పట్టాలు వేరే చోట కలుస్తాయి.

డిసెంబరులో పొగమంచు తొలగేవరకు ఆగాలి. అప్పుడు సూర్యుడు మధ్యాహ్నం కూడా దక్షిణంగానే, 48 డిగ్రీల ఎత్తున ఉంటాడు. కొండకు నిట్టనిలువుగా ఉన్న ఉత్తరపు ముఖం మీద మధ్యాహ్నపు ఎండ పడిన ఫోటో మే–జూలై మధ్యదై ఉంటుంది, దాన్ని చలికాలంలో తిరిగి తీయలేం. పట్టాల మీద నడవడం మాత్రం వద్దు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల జైలు, వెయ్యి రూపాయల జరిమానా దాకా పడొచ్చు. అంతకు మించి, దిగుడులో వచ్చే కరెంటు బండి చప్పుడు సొరంగపు మలుపులో దగ్గరికొచ్చేదాకా వినపడదు. ప్లాట్‌ఫారం, గేటు, రోడ్డు మలుపు, రైల్వే హద్దు బయటి కొండ చాలు.

రాయగడ వైపు వాదన సూటిగా ఉంది: ఖనిజం బండి గని నుంచి ఒకే అజమాయిషీ కింద నడవాలి. 1990లలో కోరాపుట్–రాయగడ లైను వచ్చాక ఖనిజానికి రెండో దారి కూడా దొరికింది, ఆ రెండు దారులూ కోరాపుట్‌లోనే కలుస్తాయి. సరుకు లెక్కలో ఇది సబబే.

విశాఖ వైపు మాట్లాడేది లైను మీద బతికే మనుషుల గురించి. అరకు వచ్చే ప్రయాణికులు విశాఖలో ఎక్కుతారు. 2017 ఏప్రిల్‌లో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెను తగిలించింది విశాఖ నుంచి కదిలే బండికే. వానాకాలంలో చిమిడిపల్లి–బొర్రా మధ్య బండరాళ్లు జారితే విశాఖ వైపు నుంచి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా రోడ్డుంది. రాయగడ నుంచి రైలు మీద రావాలంటే కోరాపుట్ చుట్టి రావాలి. బొర్రాలో ఇంకో బండి ఆపాలని గిరిజన గ్రామాలవాళ్లు అర్జీ పెట్టుకోవాలన్నా ఇకపై పొరుగు రాష్ట్రానికే పెట్టుకోవాలి. కనీసం కొత్తవలస–అరకు ముక్కనైనా విశాఖలో ఉంచమన్న కోరిక ఇందులోంచే పుట్టింది. ఖనిజం లెక్క తీసుకున్నా, ఆ ముక్క మీద దిగే బండ్లు చేరేది విశాఖ రేవుకే.

ఈలోగా కొత్తవలస–కోరాపుట్ మధ్య 189 కిలోమీటర్ల రెండో లైను పని సాగుతోంది. కొత్త పట్టాల కోసం కొండ చరియ తొలిచిన చోట పాత ఫోటో తీసిన మనిషి నిలబడ్డ నేలే ఉండదు. తైడా, బొర్రా, సిమిలిగూడ పరిసరాల ఫోటోలు మళ్లీ తీయాలనుకునేవాళ్లు వచ్చే ఏడాదికి వాయిదా వేయకుండా ఈ చలికాలమే తీసుకోవడం మంచిది.