కేన్సస్ దాటేటప్పుడు కిటికీలోంచి ఏం చూడాలంటే

తాండూరు

చిట్టితల్లీ, చిన్నోడా,

జూన్ నెల మధ్యలో కేన్సస్ సిటీ నుంచి డెన్వర్‌కు కారులో వెళ్తున్నారని నాన్న ఫోన్‌లో చెప్పాడు. తొమ్మిది గంటల దారి, మధ్యలో చూడ్డానికి ఏమీ ఉండదు, ఇద్దరి ట్యాబుల్లోనూ సినిమాలు వేసిపెడతాను అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మీకు ఈ ఉత్తరం రాయాలని మనసు పీకుతోంది. బడిలో భూగోళం చెప్పినవాణ్ణి, మీ నాన్న పక్కన కూర్చుని ఆ దారిలో ప్రయాణం చేసినవాణ్ణి. ఆ నేల నిండా చూడాల్సినవి ఉన్నాయి. అవి కొండల్లాగా, సముద్రంలాగా మన కళ్ల ముందుకు వచ్చి నిలబడవు. మనమే వెతుక్కోవాలి.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. కేన్సస్ బల్లపరుపు నేల అని అందరూ అంటారు కదా, అది నిజం కాదు. ఆ రాష్ట్రం ఒక పక్క పైకెత్తి పెట్టిన చేట లాంటిది. మీ ఇంటి దగ్గర సముద్ర మట్టానికి వెయ్యి అడుగుల లోపే ఉంటారు. కొలరాడో సరిహద్దుకు చేరేసరికి సుమారు 3,900 అడుగుల ఎత్తుకు ఎక్కేసి ఉంటారు. 424 మైళ్ల పొడుగునా ఆ ఎక్కుడు పరచుకుని ఉంటుంది కాబట్టి కారుకూ తెలియదు, మీకూ తెలియదు. ఇంకో మార్పు కూడా అలాగే తెలియకుండా జరుగుతుంది. తూర్పున ఏడాదికి దాదాపు వెయ్యి మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. పడమటి చివర అయిదు వందలు కూడా ఉండదు. అంటే మన అనంతపురం కంటే తక్కువన్నమాట. దారి పొడుగునా మీరు చూడబోయే వాటిలో చాలావాటికి కారణం ఇదే. గడ్డి పొట్టిదైపోవడం, చెట్లు కనుమరుగవడం, ఊళ్లు దూరదూరంగా జరిగిపోవడం, చివరికి కంచెకు పాతిన రాయి కూడా. అందుకే ప్రతి గంటకూ ఒకసారి తలెత్తి, ఇక్కడ నీళ్లు ఎంత ఉంటాయి, మనుషులు దాంతో ఎలా నెట్టుకొచ్చారు అని అడగండి. జవాబు కిటికీ బయటే ఉంటుంది.

చిన్నోడికి ఒక లెక్క. మీరు వెళ్లే ఐ-70 రోడ్డు మీద ఎగ్జిట్ నంబర్లను కొలరాడో సరిహద్దు నుంచి మైళ్లలో లెక్కపెట్టి వేశారు. పడమరకు పోయేకొద్దీ నంబరు తగ్గుతూ, కనొరాడో దగ్గర ఒకటికి వస్తుంది. ఇక నాన్నను "ఇంకెంత దూరం" అని అడగక్కర్లేదు. బోర్డు చూసి నువ్వే చెప్పు.

నాన్నను బతిమాలి ఈ ప్రయాణాన్ని రెండు రోజులు చేయించండి. ఒక్క రోజులో కొట్టేస్తే పెట్రోల్ బంకులూ టాయిలెట్లూ తప్ప ఏవీ గుర్తుండవు. మొదటి రాత్రి హేస్ ఊళ్లో పడుకోండి. సరిగ్గా సగం దారి కాకపోయినా సగానికి కాస్త ముందు వస్తుంది. టొపీకా ఊళ్లో మన్రో బడి ఉంది. నల్లపిల్లలకు వేరు బడి, తెల్లపిల్లలకు వేరు బడి ఉండకూడదని 1954లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పిన బ్రౌన్ కేసులో, లిండా బ్రౌన్ అనే పాప చదివిన బడి అది. తప్పకుండా చూడాల్సిన చోటే, కానీ ఈసారి వద్దు. అది మీ ఇంటికి గంట దూరమే. ఒక శనివారం ప్రత్యేకంగా వెళ్లి నిదానంగా చూడండి. హడావిడిగా చూడాల్సిన చోటు కాదది.

టొపీకా దాటాక నేల అలలు అలలుగా లేస్తుంది. అవే ఫ్లింట్ హిల్స్. 307వ నంబర్ ఎగ్జిట్ దగ్గర దిగితే కొంజా ప్రెయిరీ అనే గడ్డి మైదానం వస్తుంది. మీరు మిగతావన్నీ వదిలేసినా నాకు బాధ లేదు, ఇక్కడ మాత్రం రెండు గంటలు నడవండి. చిన్న బాట 2.6 మైళ్లు, చిన్నోడు కూడా నడవగలడు. ఒకప్పుడు కెనడా నుంచి టెక్సస్ దాకా పొడుగు గడ్డి మైదానాలు ఉండేవి. వాటిలో ఇప్పుడు నూటికి నాలుగు పాళ్లు కూడా మిగల్లేదు. మిగిలినదానిలో పెద్ద ముక్క ఈ ఫ్లింట్ హిల్సే. ఎందుకు మిగిలిందంటే, అక్కడ సున్నపురాయి పొరల్లో చెకుముకి రాళ్లు ఉన్నాయి. దున్నబోతే నాగళ్లు విరిగాయి. చుట్టుపక్కల నేలంతా గోధుమ, మొక్కజొన్న చేలైపోయినా, దున్నడానికి వీలు కాని ఈ నేల పశువుల మేతకు మిగిలిపోయింది. బాట మీద తెల్లగా, బూడిద రంగులో పదునుగా కనిపించే రాళ్లు అవే. చేత్తో పట్టుకుని చూడండి, అక్కడే పెట్టేయండి.

అక్కడి ముఖ్యమైన గడ్డి పేరు బిగ్ బ్లూస్టెమ్. జూన్‌లో అది మీ మోకాళ్ల దాకా ఉంటుందేమో. సెప్టెంబరుకల్లా నాన్న తల దాటిపోతుంది. నేల కింద దాని వేళ్లు పదడుగుల లోతుకు దిగుతాయి. అంటే ఆ గడ్డి మైదానంలో సగం పైగా మనకు కనిపించకుండా కిందే ఉంటుంది. వానలు లేని ఏడాదిలో కూడా అది చచ్చిపోకపోవడానికి కారణం ఆ వేళ్లే. నిప్పు వచ్చినా అంతే, పైన కాలిపోయి కింద నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో అక్కడి రైతులు కావాలనే ఆ గడ్డిని తగలబెడతారు. కాల్చకుండా వదిలేస్తే కొన్నేళ్లకే పొదలు, చెట్లు కమ్మేస్తాయి. ఆ సంగతి మీరు కళ్లారా చూడొచ్చు. కొంజాలో విశ్వవిద్యాలయం వాళ్లు ఒక్కో కొండవాలును ఒక్కో లెక్కన కాలుస్తారు, ఒకదాన్ని ఏటా, ఒకదాన్ని నాలుగేళ్లకోసారి, ఇంకోదాన్ని ఇరవై ఏళ్లకోసారి. బాట ఎత్తుకు ఎక్కాక నిలబడి, ఏ వాలు మీద గడ్డే ఉంది, ఏ వాలు మీద పొదలు వచ్చాయి చూడండి. ఏది ఎక్కువగా కాలిందో చిట్టితల్లి ఇట్టే చెప్పేస్తుంది. ఆ గడ్డిలో పిడుదులు ఉంటాయి. పొడుగు సాక్సులు వేసుకుని, ప్యాంటు అంచులు వాటిలోకి దోపుకోండి. కారెక్కే ముందు అమ్మ చేత మెడ వెనక, చెవుల వెనక చూపించుకోండి.

ఆబిలీన్ ఊరు రాగానే ఒక మాట గుర్తు చేసుకోండి. మీరు వెళ్తున్న ఈ పెద్ద రోడ్డుకు కారణమైన మనిషి పెరిగిన ఊరు అది. 1919లో ఐజన్‌హోవర్ యువ సైనికాధికారిగా ఉన్నప్పుడు, వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లిన సైన్యం లారీల వరుసలో ఆయన కూడా ఉన్నాడు. బురదలో కూరుకుపోతూ, వంతెనలు విరుగుతూ 62 రోజులు పట్టింది. తరువాత యుద్ధంలో జర్మనీ రోడ్లు చూశాడు. అధ్యక్షుడయ్యాక 1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టంపై సంతకం చేశాడు. ఆ చట్టం కింద మొదట పూర్తయిన ముక్కల్లో ఒకటి టొపీకాకు పడమట ఉంది. అది మీరు అప్పటికే దాటేసి ఉంటారు. ఆ ఊళ్లో ఆయన పేరిట ఉన్న మ్యూజియం పెద్దది, ఓపిక ఉంటే ఆగండి.

సలైనా నుంచి గోధుమ చేలు. మీరు వెళ్లే సమయానికి కోతలు నడుస్తుంటాయి. కోత దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ పోతుంది. టెక్సస్‌లో మొదలుపెట్టిన హార్వెస్టర్లు పంట పండిన వరసలో పైకి వెళ్తాయి. మన దగ్గర వరికోత మిషన్లు ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు వెళ్లినట్టే. నడుస్తున్న మిషన్ కనిపిస్తే నాన్నను పక్క రోడ్డు మీద ఆపమనండి, హైవే అంచున కాదు. అక్కడ రోడ్లన్నీ తిన్నగా, మైలుకు ఒకటి చొప్పున ఎందుకున్నాయో కూడా గమనించండి. నేలను మైలు పొడుగు, మైలు వెడల్పు గళ్లుగా, గడికి 640 ఎకరాలుగా కొలిచారు. 1862 చట్టంతో ఒక్కో కుటుంబానికి అందులో నాలుగో వంతు, 160 ఎకరాలు ఇచ్చారు. అయిదేళ్లు కాపురముండి సాగు చేస్తే భూమి వాళ్లదే. అంతకుముందు ఆ భూమి ఖాళీగా లేదు. కా, పానీ, షయెన్ జాతుల వాళ్లు అక్కడ బతికారు. రాష్ట్రానికి పేరిచ్చిన కా జాతివాళ్లనే 1873లో ఓక్లహోమాకు తరలించేశారు. చేలు చూసి సంతోషించండి, ఈ సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. 206వ ఎగ్జిట్ దగ్గర విల్సన్ ఊళ్లో దిగి ఉత్తరానికి లూకస్ వైపు వెళ్లండి. ఇరవై నిమిషాల దారి. రోడ్డుకు రెండు పక్కలా కంచెలకు రాతి స్తంభాలు కనిపిస్తాయి. చెట్లు లేని చోట కంచెకు కర్ర ఎక్కడి నుంచి వస్తుంది? వాన తక్కువ, కాబట్టి చెట్లు లేవు. చెట్లు లేవు కాబట్టి అక్కడికి వచ్చిన రైతులు కాళ్ల కింద ఉన్న సున్నపురాయి పొరను తవ్వారు. వరుసగా బెజ్జాలు వేసి, వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టి, తిన్నగా పొడుగ్గా చీల్చారు. తవ్వినప్పుడు మెత్తగా ఉన్న రాయి గాలి తగిలాక గట్టిపడుతుంది. వాటికి ముళ్లతీగ చుట్టి పొలాలకు కంచె కట్టారు. ఇళ్లూ చర్చిలూ కూడా ఆ రాయితోనే కట్టారు. నేను ఆ స్తంభాల దగ్గర నిలబడి చాలాసేపు కదల్లేకపోయాను. మన తాండూరు నాపరాయి కూడా సున్నపురాయే. మన వైపు చేల చుట్టూ రాతి కడీలు పాతడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి. ఒకరినొకరు ఎన్నడూ చూడని రైతులు, ఇక్కడా అక్కడా, కాళ్ల కింద దొరికిన దానితోనే పని జరుపుకొన్నారు.

హేస్‌లో స్టెర్న్‌బర్గ్ మ్యూజియం ఉంది. అందులో పద్నాలుగడుగుల చేప శిలాజం ఉంది. దాని కడుపులో ఇంకో పెద్ద చేప, ఆరడుగులది, చెక్కుచెదరకుండా ఉంటుంది. మింగింది అరగకముందే పెద్దది కూడా చచ్చి ఉంటుంది. సుమారు 8 కోట్ల ఏళ్ల కిందట ఆ నేలంతా సముద్రం. నీళ్లు లేని పడమటి కేన్సస్‌లో ఇంత చేప ఎలా ఉందో చూశాక, మరుసటి రోజు ఓక్లీ నుంచి దక్షిణానికి తిరిగి మాన్యుమెంట్ రాక్స్‌కు వెళ్లండి. ఆ సముద్రం అడుగున పేరుకున్న సుద్దే గాలికీ వానకూ కోసుకుపోయి, యాభై, అరవై అడుగుల గోడలుగా మిగిలింది. మధ్యలో కిటికీలాంటి కంత కూడా ఉంటుంది. అది ఒక రైతు సొంత భూమి, దయతో చూడనిస్తున్నారు. రాయి ఎక్కకండి, ఒక్క పెచ్చు కూడా గీకకండి. చివరి మైళ్లు మట్టిరోడ్డు, వాన పడిన రోజు వెళ్లొద్దు.

ఓపిక ఉన్న ప్రయాణమైతే హేస్‌కు ఉత్తర దిక్కున నికోడెమస్ కూడా ఉంది. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లు కెంటకీ నుంచి వచ్చి 1877లో కట్టుకున్న ఊరు. కట్టెలు లేక, మొదటి చలికాలం నేలలో తవ్వుకున్న గుంతల ఇళ్లలో గడిపారు. వేట నుంచి తిరిగి వెళ్తున్న ఓసేజ్ జాతివాళ్లు మాంసం ఇచ్చి ఆదుకున్నారు. ఆ ఊరికి వెళ్లాలంటే మాన్యుమెంట్ రాక్స్ వదులుకోవాలి, రెండూ పెట్టుకుంటే చీకటి పడుతుంది. చిట్టితల్లి పెద్దదైంది కాబట్టి ఏది కావాలో తననే నిర్ణయించమనండి.

కోల్బీ దాటాక చక్రాల మీద నడిచే పొడుగాటి పైపులు పొలాల్లో కనిపిస్తాయి. పావు మైలు పొడుగున్న ఆ పైపు ఒక చివర బోరు చుట్టూ తిరుగుతూ నీళ్లు చల్లుతుంది. ఆ నీళ్లు ఒగల్లాలా అనే భూగర్భ జలనిధివి. వేల ఏళ్లుగా ఇంకిన నీళ్లను కొన్ని దశాబ్దాల్లో తోడేస్తున్నారు, తిరిగి ఇంకేది చాలా తక్కువ. కొన్ని చోట్ల బోర్లు ఎండిపోయి రైతులు మళ్లీ వానమీదే ఆధారపడ్డ పంటలకు వస్తున్నారు. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన మన రైతులను చూసినవాణ్ణి కాబట్టి నాకు ఆ పైపులు చూస్తే గుండె బరువెక్కుతుంది. ఆ పక్కనే అప్పుడే మొలిచిన చిన్న మొక్కల వరసలు కనిపిస్తే, అవి మన జొన్నలు కావచ్చు. అమెరికాలో జొన్న ఎక్కువగా పండేది కేన్సస్‌లోనే. మనం రొట్టె చేసుకుంటాం, వాళ్లు పశువులకు వేస్తారు. తక్కువ నీళ్లతో బతికే పంట కాబట్టి రెండు చోట్లా రైతును నిలబెడుతోంది.

గుడ్‌లాండ్‌కు కాస్త ముందు మీ గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. ఆ ఊళ్లో ఎనభై అడుగుల స్టాండు మీద పొద్దుతిరుగుడు పూల బొమ్మ ఉంటుంది, చిన్నోడికి నచ్చుతుంది, పది నిమిషాలు చాలు.

ఇక జాగ్రత్తలు. జూన్‌లో సాయంత్రాలు ఉరుములు, వడగళ్లు, ఒక్కోసారి టోర్నడోలు వస్తాయి. అమ్మను ప్రతి మజిలీలోనూ వాతావరణ శాఖ రాడార్ చూడమనండి. హెచ్చరిక వస్తే బ్రిడ్జి కింద ఆగకూడదు, అక్కడ గాలి ఇంకా ఉధృతంగా ఉంటుంది. దగ్గర్లోని గట్టి భవనంలోకి వెళ్లి, కిటికీలు లేని కింది గదిలో కూర్చోవాలి. టెన్షన్ పడక్కర్లేదు, ముందే చూసుకుంటే చాలు. పడమట బంకులు దూరం, సగం ట్యాంకు కాగానే నింపించండి. లూకస్ దారిలో, మాన్యుమెంట్ రాక్స్ దారిలో సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేయండి. శాకాహారం దొరకడం కష్టం. మొదటి రోజుకు పులిహోర, ఐస్ పెట్టెలో పెరుగన్నం పెట్టమని అమ్మకు నానమ్మ చెబుతుంది.

విల్సన్ దారిలో ఒక రాతి స్తంభం ఫొటో తీసి నాకు పంపండి. రోడ్డు పక్కన ఉన్నదే, కంచె దాటొద్దు. అంచున బెజ్జాల గాట్లు కనిపించేలా దగ్గరి నుంచి తీయండి. మన ఊరి కడీల గాట్లతో పోల్చి చూడాలని ఉంది.

మీ తాతయ్య