వాషింగ్ మెషీన్ నాబ్ వెనక ఏముండేది?

వాషింగ్ మెషీన్ ఆగిపోతే మెకానిక్ నోట ఇప్పుడు ముందు వచ్చే మాట ‘బోర్డు పోయిందండి’. బోర్డంటే ఎప్పుడేం చేయాలో మెషీన్‌కి చెప్పే ఎలక్ట్రానిక్ సర్క్యూట్. ఖర్చు వింటే కొత్తది కొనుక్కోవడమే నయమనిపిస్తుంది. ఒకప్పుడు ఆ బోర్డు పనంతా చేసింది నాబ్ వెనకుండే టైమర్.

అమెరికాలో 1937లో బెండిక్స్ కంపెనీ ఇళ్లకు ఆటోమేటిక్ మెషీన్ తెచ్చింది. అంతకుముందు మోటారు బట్టల్ని కలియదిప్పేదంతే. నీళ్లు పోయడం, వదలడం, రోలర్ల మధ్య పెట్టి పిండడం మనిషి వంతు. ఆ వరసంతా టైమర్ చేతికెళ్లింది. (ఆ బెండిక్స్‌ని నేలకి బోల్టులేసి బిగించాల్సి వచ్చేది. లేకపోతే స్పిన్‌లో గదంతా తిరిగేదేమో!)

టైమర్‌లో ఒక బుల్లి మోటారు. అది గట్లూ గుంటలూ ఉన్న డ్రమ్మును కాసేపటికోసారి ఒక్క మెట్టు జరుపుతుంది. దాన్ని ఆనుకుని సన్నటి లోహపు రేకులు. గట్టు తగిలితే లేస్తాయి, గుంట వస్తే దిగుతాయి. ఆ లేవడం, దిగడంతోనే కరెంటు కలుస్తుంది, తెగుతుంది. ఒక రేకు నీళ్ల వాల్వుకి, ఒకటి పంపుకి, ఒకటి పెద్ద మోటారుకి. మధ్యమధ్యలో వినిపించే ‘టక్’ ఆ డ్రమ్ము కదిలిన చప్పుడే. నాబ్ కూడా ఆ డ్రమ్ముకే బిగించి ఉంటుంది కాబట్టి, పని ఎంతవరకు వచ్చిందో గీత చూస్తే తెలిసిపోయేది. తొందరుంటే ముందుకు తిప్పి స్పిన్ దగ్గర పెట్టేయొచ్చు. వెనక్కి తిప్పితే మాత్రం రేకులు వంగుతాయి.

1960ల మొదట్లో బ్రిటన్‌లో హూవర్ కంపెనీ మెషీన్ ‘కీమాటిక్’ వచ్చింది. ఎలా ఉతకాలో చెప్పడానికి నాబ్ బదులు అంచులకు గాట్లున్న ప్లాస్టిక్ పలకను పానెల్‌లో దూర్చాలి. ముచ్చటగానే ఉంది గానీ, ఆ పలక ఎక్కడో పెట్టి మరిచిపోతే?

1970ల చివర్లో మైక్రోచిప్పులు మొదలయ్యాయి. 1990లో జపాన్‌లో మత్సుషిత కంపెనీ ‘ఫజీ లాజిక్’ (అవును, కాదు అని తేల్చేయకుండా ‘కొంచెం’, ‘బాగా’ అని అంచనా వేసే పద్ధతి) మెషీన్‌తో నీళ్ల మురికిని సెన్సరే చూసుకోవడం, ఒక్క బటన్ నొక్కితే చాలనడం వచ్చాయి.

మన సెమీ ఆటోమేటిక్‌ల దారి వేరు. చాలావాటిలో ఉతకడానికి 15 నిమిషాల నాబ్, పిండడానికి 5 నిమిషాల నాబ్, రెండూ కీ ఇచ్చే గడియారం లాంటి స్ప్రింగువే. కరెంటు పోయినా టిక్ టిక్ ఆగేది కాదు. కరెంటు వచ్చేసరికి టైమైపోయేది, బట్టలు మాత్రం సబ్బునీళ్లలోనే ఉండేవి. మోటారు టైమరైతే కరెంటుతోపాటే ఆగి, అక్కణ్నుంచే మళ్లీ మొదలయ్యేది. బోర్డు మెషీన్లకు అదే గుణం కోసం మెమరీ పెట్టాల్సి వచ్చింది. దాన్నే ఇప్పుడు ‘ఆటో రీస్టార్ట్’ అని ప్రత్యేకంగా చెప్పి అమ్ముతున్నారు.

యూరప్‌లో 2021 మార్చి నుంచి వాషింగ్ మెషీన్ల బోర్డుల్లాంటి విడిభాగాలు, మోడల్ ఆగిపోయాక కూడా కనీసం 10 ఏళ్లు మెకానిక్‌లకు దొరికేలా చూడాలన్న నిబంధన ఉంది. మన దగ్గర 2022 డిసెంబరులో కేంద్రం ‘రైట్ టు రిపేర్’ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ తెరిచింది.

ఈ మధ్య గుండ్రటి నాబ్ పానెల్ మీదికి మళ్లీ వచ్చింది. ఇది రెండువైపులా తిరుగుతుంది, దేనికీ బిగించి లేదు, ఎంత తిప్పారో బోర్డుకి చెబుతుందంతే. బోర్డు పోయాక కూడా చక్కగా తిరుగుతూనే ఉంటుంది.