ఆకు పుట్టకముందు కడప: రాళ్లలో, మట్టిలో మొక్కల జాడలు

నాపరాయి పలకను పొర వెంట విడదీసినప్పుడు అప్పుడప్పుడు లోపలి ముఖం మీద నల్లటి చిన్న పొద కనిపిస్తుంది. కాండం, కొమ్మలు, కొమ్మల చివర సన్నటి రెమ్మలు, అన్నీ సిరాతో గీసినట్టే ఉంటాయి. చూసినవాళ్లు ఆకు శిలాజం దొరికిందని దాచిపెట్టుకుంటారు. కానీ అది మొక్క కాదు, డెండ్రైట్ అనే ఖనిజపు మరక. మాంగనీసు, ఇనుము కరిగిన నీళ్లు పొరల మధ్య సందులోకి దిగి, అక్కడ ఆక్సైడుగా పేరుకుంటాయి. ముందుకు పొడుచుకొచ్చిన కొసకు ద్రావణం ఎక్కువ అందుతుంది కాబట్టి ఆ కొస ఇంకా పెరుగుతుంది, మళ్లీ చీలుతుంది. చెట్టు ఆకారం అలా వస్తుంది.

తేడా పట్టడానికి పది రెట్ల భూతద్దం చాలు. ఆకుకు అంచు ఉంటుంది, నడి ఈనె ఉంటుంది, దాని నుంచి పక్క ఈనెలు దాదాపు ఒకే కోణంలో బయల్దేరతాయి. డెండ్రైటుకు అంచూ లేదు, ఈనెల వరసా లేదు. దాని మొదలు చాలాసార్లు పలక అంచులోనో, ఒక పగులులోనో ఉంటుంది. ఒక కొమ్మ ఇంకో కొమ్మను దాటి పోదు. నిజమైన అచ్చులో ఒకదాని మీద ఒకటి పడ్డ రెమ్మలు కనిపించవచ్చు, గోటికి తగిలేంత ఎత్తుపల్లమూ ఉండవచ్చు. డెండ్రైటు మాత్రం రాతికి అంటిన రంగులా చదునుగా ఉంటుంది.

అసలు ఈ పలకల్లో ఆకు ఉండే వీలే లేదు. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు తవ్వే సున్నపురాయి గానీ, దానికంటే ఎంతో పాతవైన కడప పొరలు గానీ నేల మీద మొక్కలు రాకముందే ఏర్పడ్డాయి. నేల మొక్కల తొలి ఆనవాళ్లు, అంటే వాటి సిద్ధబీజాలు, సుమారు 47 కోట్ల ఏళ్ల నాటివి. అప్పటికే కడప హరివాణం, అంటే ఈ పొరలన్నీ చేరిన పెద్ద పల్లం, నిండిపోయి చాలా కాలమైంది. తర్వాత సుమారు 30 కోట్ల నుంచి 25 కోట్ల ఏళ్ల కిందటి మధ్య గోదావరి లోయలో గ్లోసోప్టెరిస్ అనే అంతరించిన చెట్ల అడవులు పెరిగి సింగరేణి బొగ్గు తయారవుతున్నప్పుడు, ఇక్కడ ఆ ఆకులను పట్టి దాచే బురద చేరలేదు. ఆకు శిలాజం చెప్పే కబుర్లు చాలా ఉంటాయి. రంపపు పళ్లు లేని నున్నటి అంచుల ఆకులు ఎక్కువగా ఉంటే వెచ్చటి వాతావరణమని, ఆకు పొర మీద పత్రరంధ్రాలు తక్కువగా ఉంటే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువని అంచనా కడతారు. ఆ రకం సాక్ష్యం ఈ రాళ్లలో దొరకదు. అంతకంటే పాత సాక్ష్యం దొరుకుతుంది.

వేంపల్లె, పులివెందుల చుట్టుపక్కల, సున్నపురాయికి దగ్గరి రకమైన బూడిద రంగు డోలమైటు రాళ్లను పక్కనుంచి చూస్తే, పైకి ఉబ్బిన సన్నటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. పైనుంచి చూస్తే అదే రాయి అడ్డంగా కోసిన ఉల్లిగడ్డలా వలయాలు వలయాలుగా ఉంటుంది. వీటిని స్ట్రోమటోలైట్లు అంటారు. లోతులేని నీళ్ల అడుగున సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు జిగురు చాపలా పరుచుకుని, ఎండను వాడుకుని ఆహారం తయారు చేసుకునేవి. నీళ్లతో వచ్చిన సున్నపు రేణువులు ఆ జిగురుకు అంటుకునేవి. చాప కార్బన్ డయాక్సైడును లాక్కోవడంతో నీటిలో కరిగి ఉన్న కార్బొనేటు కూడా అక్కడే పేరుకునేది. వెలుతురు మూసుకుపోయిన సూక్ష్మజీవులు పైకి పాకి కొత్త చాప పరిచేవి. ఇలా పొర మీద పొర లేచింది. నేడు ప్రతి పచ్చటి ఆకులోనూ ఎండను పట్టే హరితరేణువు, ఒకప్పుడు వేరే కణంలోకి చేరి అక్కడే స్థిరపడ్డ సయనోబాక్టీరియా సంతతి. వేరుశనగ చేను చేసే పనికి తొలి యంత్రాలు ఈ రాళ్లను కట్టిన జీవులే.

వీటి వయసును నేరుగా కొలవడం కష్టం. డోలమైటులో గడియారంగా పనికొచ్చే ఖనిజాలు సాధారణంగా ఉండవు. అందుకే పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గడ్డకట్టిన అగ్నిశిలను కొలుస్తారు. పులివెందుల దగ్గరి అలాంటి పలక రాతిలోని బాడిలైట్ అనే ఖనిజపు స్ఫటికాల్లో యురేనియానికీ, అది కాలక్రమంలో మారగా వచ్చిన సీసానికీ నిష్పత్తిని లెక్కగట్టి 2008లో ప్రకటించిన వయసు సుమారు 188.5 కోట్ల సంవత్సరాలు. చొచ్చుకొచ్చిన రాయి కంటే అంతకుముందే ఉన్న పొర పాతది కాబట్టి, వేంపల్లె స్ట్రోమటోలైట్లు దానికంటే పాతవి. అయితే ఆ వేడి రాయే కొంత నష్టమూ చేసింది. అది తాకిన చోట డోలమైటు మారిపోయి రాతినార (ఆస్‌బెస్టాస్) పుట్టింది. పులివెందుల రాతినార గనుల మూలం అదే. అలాంటి చోట సున్నితమైన పొరల కోసం వెతకడం దండగ.

స్ట్రోమటోలైటును గుర్తుపట్టడంలో పొరపాట్లు ఎక్కువ. ఒత్తిడికి ముడతపడ్డ మామూలు పొర కూడా గుబ్బలాగే కనిపిస్తుంది. చూడాల్సింది పొర మందం. నీటిలో ఊరికే రాలిన మట్టి వాలు మీద నిలవదు, పల్లంలో చేరుతుంది. జీవమున్న చాప మాత్రం నిటారు పక్కల మీద కూడా రేణువులను అంటిపెట్టుకుంటుంది, వెలుతురు బాగా అందే శిఖరం దగ్గర పొరను మందంగా వేస్తుంది. శిఖరం దగ్గర మందం, పక్కలకు పోయేకొద్దీ పలచన, పొరల్లో చిన్న చిన్న ముడతలు కలిసి కనిపిస్తే నమ్మకం పెరుగుతుంది. కొత్తగా పగిలిన ముఖం కంటే ఎండావానలకు తిన్న పాత ముఖం మేలు. అక్కడ కార్బొనేటు కరిగి, చెకుముకి రాయి పొరలు గట్లుగా మిగులుతాయి. రాయి మరీ మసగ్గా ఉంటే మీద నీళ్లు చల్లితే పొరలు తేలతాయి.

రాయి ఏదో తేల్చుకోవడానికి పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తారు. సున్నపురాయి వెంటనే బుసబుస పొంగుతుంది. డోలమైటు నెమ్మదిగా స్పందిస్తుంది, గీకి పొడి చేసి వేస్తే పొంగు తెలుస్తుంది. చెకుముకి రాయి అసలు స్పందించదు, చాకుతో గీసినా గీత పడదు. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా ఆ సీసా తెరవకూడదు.

చెకుముకి రాయి మీద ఇంత పట్టుదల ఎందుకంటే, డోలమైటు తయారయ్యేటప్పుడు స్ఫటికాలు మళ్లీ పెరిగి కణాల రూపాలను చెరిపేస్తాయి. మిగిలేది ఇల్లు మాత్రమే, కట్టినవాళ్లు కనిపించరు. చాప కుళ్లకముందే సిలికా లోపలికి ఇంకి గట్టిపడిన చోట మాత్రం కణాలు అలాగే నిలుస్తాయి. వేంపల్లె స్ట్రోమటోలైట్లలోని చెకుముకి రాయిని పలచగా కోసి, వెలుతురు దూరేలా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూసిన జె. విలియం షాఫ్, కె. ఎన్. ప్రసాద్ అందులో సూక్ష్మశిలాజాలు ఉన్నాయని 1978లో ప్రకటించారు.

వాతావరణం గురించి ఈ రాళ్లు చెప్పేది పక్కనున్న పొరలతో కలిపి చదవాలి. స్ట్రోమటోలైటు ఉన్నచోట నీటి అడుగుకు ఎండ చేరింది. దాని పక్క పొరలో అలల గీతలుంటే నీళ్లు మరీ లోతులేనివి. బురద నెర్రెలుంటే ఆ చోటు మధ్యమధ్య బయటపడి ఎండింది. ఉప్పు స్ఫటికాలు కరిగిపోయి మిగిల్చిన ఘనాకారపు అచ్చులుంటే వాన కంటే ఆవిరే ఎక్కువ. స్తంభాలన్నీ పైనుంచి చూస్తే ఒకే దిక్కుకు సాగి ఉంటే నీటి పోటు ఆ దారిలో నడిచింది. ఉబ్బు ఎప్పుడూ పైకే కాబట్టి, ఉబ్బు కిందికి తిరిగి ఉంటే ఆ పొరల వరసే తలకిందులైందని అర్థం. వేంపల్లె పొరల మొత్తం మందం వెయ్యి మీటర్లకు మించింది, ఆ మందం పొడవునా లోతులేని నీటి గుర్తులు మళ్లీ మళ్లీ వస్తాయి. కిలోమీటరు లోతు సముద్రం ఒక్కసారిగా నిండితే ఇలా ఉండదు. మట్టి చేరేకొద్దీ అడుగు మెల్లగా కుంగుతూ వచ్చింది, నీటి మట్టం దాదాపు అంతే ఉండిపోయింది. కడప హరివాణం ఎలా నిండిందో చెప్పే ఇంతకంటే గట్టి సాక్షి మరొకటి అక్కర్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. పొరలను చెట్టు వలయాల్లా ఏడాదికొకటి చొప్పున లెక్కపెట్టకూడదు. ఒక తుఫానుకు ఒక పొర రావచ్చు, కొన్నేళ్లు ఏ పొరా రాకపోవచ్చు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో ఇప్పటికీ స్ట్రోమటోలైట్లు పెరుగుతున్నాయి. అక్కడి వేగం ఏడాదికి అర మిల్లీమీటరు కూడా లేదు. ఆ లెక్కన 30 సెంటీమీటర్ల గుబ్బకు కనీసం ఆరు వందల ఏళ్లు. అక్కడ నీరు సముద్రం కంటే రెట్టింపు ఉప్పన కావడంతో చాపను మేసే నత్తలు పెద్దగా రావు. కడప నీళ్లలో మేసేవే లేవు, జంతువులు ఇంకా పుట్టలేదు. అందుకే ఈ చాపలు అంత విస్తారంగా పరుచుకున్నాయి.

రాజస్థాన్‌లో భోజుండా, ఝామర్‌కోట్రా స్ట్రోమటోలైట్లకు జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా గుర్తింపు ఉంది. పాత కడప జిల్లాలోని మంగంపేటలో బెరైటీసు అనే ఖనిజపు పొరలకు కూడా ఉంది. వేంపల్లె గుబ్బలకూ ఆ రక్షణ దక్కాలి. రోడ్డు కంకరగా మారిన పొర ఇక తిరిగి రాదు. చూడటానికి వెళ్లేవాళ్లు సుత్తి వాడకుండా, పక్కన స్కేలు పెట్టి, పై దిక్కు చూపే బాణం గీసి ఫొటో తీసుకుంటే చాలు. పై దిక్కు తెలియని ముక్క ఇంటికి తెచ్చినా దానితో చదవగలిగేది తక్కువ.

ఆ తర్వాత ఈ నేలలో మొక్కల కథ దాదాపు మొత్తం ఖాళీ. మళ్లీ నిన్నమొన్నటి కాలానికి దిగితేనే అందుతుంది. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో, జుర్రేరు లోయలో, సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ల కిందట చిమ్మిన బూడిద పొర ఉంది. దాని కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. ఇలాంటి పొర ఉంటే కింది మట్టికీ పైమట్టికీ మధ్య కాలపు గీత దొరికినట్టే. మట్టిలోని సున్నపు గులకల్లో కార్బన్ ఐసోటోపులను, అంటే బరువు వేరైన కార్బన్ రకాలను, కొలిస్తే, ఆ నేల మీద చెట్లు ఎక్కువా, ఎండను తట్టుకునే గడ్డి ఎక్కువా అనేది తెలుస్తుంది. ఆ రెండు రకాల మొక్కలూ కార్బన్‌ను వేర్వేరు పద్ధతుల్లో పట్టుకుంటాయి.

ఇంకా దగ్గరికి వస్తే కాలిన గింజలు. కడప జిల్లా పెద్దముడియం, హనుమంతరావుపేట, అనంతపురం జిల్లా వేల్పుమడుగు, కర్నూలు జిల్లా హట్టిబెళగల్ వంటి నవీన శిలాయుగపు ఊళ్ల మట్టిని డోరియన్ ఫుల్లర్, రవి కొరిశెట్టర్, పి. సి. వెంకటసుబ్బయ్య, మార్టిన్ జోన్స్ పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. క్రీస్తుపూర్వం మూడు, రెండు సహస్రాబ్దాల నాటి ఈ ఊళ్ల తిండిలో ముఖ్యమైనవి అండుకొర్ర, కొర్రకు బంధువైన ఇంకో చిరుగింజ గడ్డి, ఉలవలు, పెసలు. నేటి సంగటికి ఆధారమైన రాగి గానీ, జొన్న గానీ ఆ మొదటి పంటల్లో లేవు. అవి ఆఫ్రికాలో పుట్టి తర్వాత వచ్చాయి. ఆ నాలుగూ ముంగారు వానకు వేసుకుని, తక్కువ తడితో పండించుకునేవే. అంటే నాలుగు వేల ఏళ్ల కిందటి రైతు కూడా ఒక్క వానకాలాన్నే నమ్ముకుని సేద్యం చేశాడు.

గింజలను మట్టి నుంచి తీసే పద్ధతి తేలిక, ఓపిక కావాలి. ఒక్కో పొర నుంచి పది ఇరవై లీటర్ల మట్టి విడిగా సేకరించి, నీడలో ఆరబెట్టి, బకెట్ నీళ్లలో వేసి మెల్లగా కలుపుతారు. బొగ్గుగా మారిన గింజ తేలుతుంది. తేలినదాన్ని అర మిల్లీమీటరు కంటే సన్నటి జల్లెడ గుడ్డలోకి వంచుతారు, ఏమీ తేలనంతవరకు మళ్లీ నీళ్లు పోస్తారు. నల్లరేగడి గడ్డలు విడిపోవు, కాబట్టి ముందు సోడా ఉప్పు కలిపిన నీటిలో నానబెట్టాలి. చేత్తో నలిపితే గింజ మట్టితో పాటు చితికిపోతుంది. తీసినదాన్ని ఎండలో పెడితే పగులుతుంది, నీడలోనే ఆరాలి. తర్వాత సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటీ ఏరుతారు. పెసర, మినుము కాలాక పొట్టు ఊడి ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు బద్ద లోపలి మొలక పొడవు చూస్తారు, పెసరలో అది పొడవుగా, మినుములో పొట్టిగా ఉంటుంది.

ఈ లెక్కలో ఒక పక్షపాతం ఉంది. నిప్పుకు తగిలి, గాలి సరిగా అందక బొగ్గైనదే మిగులుతుంది. నూనె గింజలు వేడికి పగిలి రూపు కోల్పోతాయి, దుంపలు దాదాపు కనిపించవు. ఎక్కువగా దొరికిందే ఎక్కువగా తిన్నారని అనుకోకూడదు. నల్లరేగడితో ఇంకో చిక్కు, వేసవిలో పడే నెర్రెలు. నేటి చేలోని గింజ నెర్రెలో పడి పాత పొర దాకా జారుతుంది. అందుకే కాలని గింజను పక్కన పెట్టేస్తారు. కాలిన గింజ మీద అనుమానముంటే పక్కనున్న బొగ్గును కాకుండా ఆ గింజనే రేడియోకార్బన్ పరీక్షకు పంపుతారు. వయసు తేలుతుంది గానీ పరీక్షలో గింజ నాశనమవుతుంది, కాబట్టి అంతకుముందే దాని కొలతలు, ఫొటోలు అన్ని వైపులా తీసి పెట్టుకోవాలి.