డీసీ, మార్వెల్: కథ చెప్పే తీరుపై అపోహలు - వాస్తవాలు

ఆదివారాలు విశాఖ ఎంవీపీ కాలనీలో పిల్లలకు బొమ్మల కథలు గీయడం నేర్పుతాను. చేరిన వారానికే సగం మంది డీసీ, సగం మంది మార్వెల్ అంటూ విడిపోతారు. రెండూ సూపర్‌హీరోల బొమ్మల కథలు వేసే అమెరికా సంస్థలు. వాళ్లు వాదించుకోవడం నాకు ఇష్టమే. కానీ ఆ వాదనలు చాలావరకు సినిమాలు చూసి పుట్టినవి. కాగితం మీద కథ నడిచే తీరు వేరు.

అపోహ: డీసీవి చీకటి కథలు, మార్వెల్‌వి సరదా కథలు.

వాస్తవం: స్పైడర్‌మ్యాన్ ప్రేమించిన గ్వెన్ స్టేసీ 1973లో వంతెన మీద నుంచి పడి చనిపోతుంది. అతడు విసిరిన సాలెపోగు ఆమెను అందుకుంటుంది, ప్రాణం మాత్రం నిలవదు. అది మార్వెల్ కథ. 1938 నుంచి ఆశకు మారుపేరైన సూపర్‌మ్యాన్ డీసీవాడు.

అపోహ: న్యూయార్క్‌లో జరుగుతాయి కాబట్టి మార్వెల్ కథలే సహజం. బ్యాట్‌మ్యాన్ ఉండే గోథమ్ లాంటి లేని ఊళ్లు డీసీ బలహీనత.

వాస్తవం: స్పైడర్‌మ్యాన్‌గా మారే పీటర్ పార్కర్ ఫొటోలు అమ్ముకుని రోజులు నెట్టుకురావడం మనం నమ్ముతాం. అది నిజమైన ఊరు ఇచ్చే బలం. లేని ఊరిని మాత్రం బ్యాట్‌మ్యాన్ మనసుకు తగ్గట్టు ఎలాగైనా మలచవచ్చు. పిల్లల చేత రెండూ గీయిస్తాను. ఆర్కే బీచ్ వేస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ ఉన్నచోటే ఉండాలి, లేకపోతే పక్కవాడు ఊరుకోడు. పేరు లేని రేవుపట్నం వేయమన్నప్పుడు ఒకమ్మాయి కొండను ఊరి మీదికి వంగి తొంగిచూస్తున్నట్టు వేసింది. హీరో భయమంతా ఆ కొండలోనే కనిపించింది.

అపోహ: కథ రచయితది, చిత్రకారుడు చెప్పింది గీస్తాడు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇది. 1960లలో మార్వెల్‌లో కథాంశం అనుకున్నాక చిత్రకారుడే పేజీలన్నీ గీసేవాడు, మాటలు తర్వాత చేరేవి. 1966 నాటి స్పైడర్‌మ్యాన్ 33వ సంచిక తీసి చూడండి. స్పైడర్‌మ్యాన్ మీద భారీ యంత్రం, పైనుంచి నీళ్లు, అందని దూరంలో అత్త మే కోసం తెచ్చిన మందు. చిత్రకారుడు స్టీవ్ డిట్కో అతని పాట్లను ప్యానెల్ (పేజీలోని ఒక్కో బొమ్మ గడి) తర్వాత ప్యానెల్‌గా సాగదీసి, యంత్రం లేచే క్షణానికి పేజీ మొత్తం ఇచ్చేస్తాడు. చదువుతుంటే మన భుజాలు కూడా తేలికవుతాయి.

డీసీలో పూర్తి స్క్రిప్టు ముందే రాసుకోవడం ఎక్కువ. దాని శక్తి 1986లో మొదలైన వాచ్‌మెన్ అనే బొమ్మల కథలో తెలుస్తుంది. ఐదో సంచికలో మొదటి పేజీ కూర్పు చివరి పేజీకి అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది, మిగతా పేజీలూ అలాగే జతకూడతాయి. ముందే లెక్క వేసుకోకపోతే అది కుదరదు. గీసిన డేవ్ గిబ్బన్స్ చెయ్యి అంత కచ్చితంగా లేకపోయినా కుదరదు.

అపోహ: రెండు సంస్థల కళాకారులూ బద్ధశత్రువులు.

వాస్తవం: మార్వెల్‌ను నిలబెట్టినవారిలో ఒకరైన జాక్ కిర్బీ 1970లో డీసీకి వెళ్లి డార్క్‌సైడ్ అనే విలన్‌ను సృష్టించారు. 1973లో మార్వెల్‌కు థానోస్ అనే విలన్‌ను ఇచ్చిన జిమ్ స్టార్లిన్‌కు ప్రేరణ, కిర్బీ డీసీలో గీసిన ఆ కథలే.