మినీ బైక్: సీసీ కంటే చక్రం ముఖ్యం

హైదరాబాద్‌లో మినీ బైక్, అంటే బుల్లి చక్రాల చిన్న మోటార్‌సైకిల్, కావాలనుకునేవాళ్లకి రెండు దారులున్నాయి. ఒకటి ఆన్‌లైన్‌లో దొరికే 49 సీసీ పాకెట్ బైక్. రెండోది, పొలాల్లో నీళ్లు తోడే పెట్రోల్ పంపు ఇంజిన్ తెచ్చి, వెల్డింగ్ షాపులో ఫ్రేమ్ కట్టించుకోవడం. ఏ దారి పట్టినా అందరూ మొదట అడిగేది "ఎన్ని సీసీ? ఎంత స్పీడ్ పోతుంది?" అనే. నేనైతే చక్రం సైజు అడగమంటాను. బండి ఎలా నడవబోతోందో సగం అక్కడే తేలిపోతుంది.

1961లో టోక్యోలోని టామా టెక్ వినోద పార్కులో పిల్లలు నడపడానికి హోండా ఒక బుల్లి బండి తయారు చేసింది. 5 అంగుళాల చక్రాలు, సస్పెన్షన్ లేదు. హోండా 'మంకీ' అనే చిన్న బైకులకి అదే మూలం. తర్వాతి మోడళ్లలో చక్రం 8 అంగుళాలైంది, ఇప్పటి మంకీ 125కి 12. పార్కు నేల దాటి బయటి దారులకొచ్చేకొద్దీ చక్రం పెరగక తప్పలేదు.

మన శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు మట్టిదారులు తీసుకోండి. 5 సెంటీమీటర్ల రాయి అడ్డొచ్చింది, దానికి ఆనుకున్న చక్రం మీద 50 కిలోల బరువుంది అనుకుందాం. 28 సెంటీమీటర్ల వ్యాసమున్న పాకెట్ బైక్ చక్రం ఆ రాయి ఎక్కాలంటే దాన్ని దాదాపు 60 కిలోల బలంతో ముందుకి నెట్టాలి. 10 అంగుళాల రిమ్ ఉన్న స్కూటర్ చక్రానికి 42 చాలు. 18 అంగుళాల మోటార్‌సైకిల్ చక్రానికి 33. టైరు అణగదనుకుని, కదలకుండా నిలబడ్డ బండికి వేసిన లెక్క ఇది. నిజంగా నడిపేటప్పుడు అంకెలు మారతాయి గానీ వరస మారదు. చక్రం మరీ చిన్నదైతే రాయి ఎక్కకుండా అక్కడే ఆగిపోతుంది, మీరు హ్యాండిల్ మీదుగా ముందుకి పడతారు.

అందుకే నా ఓటు పాత స్కూటర్ల 10 అంగుళాల చక్రాలకే. బ్రేక్ డ్రమ్ వాటితోనే వస్తుంది, పుత్లీబౌలి లాంటి చోట స్పేర్ పార్టులు వెతుక్కోవచ్చు, టైరూ ట్యూబూ తేలిగ్గా దొరుకుతాయి.

ఇక గేరింగ్. టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 నడిపినవాళ్లకి ఇది తెలిసిన సంగతే: ఒకటే గేరు, చేత్తో నొక్కే క్లచ్ లేదు. ఇంజిన్ వేగం పెరిగితే క్లచ్ లోపలి షూలు బయటికి జరిగి డ్రమ్‌ని పట్టుకుంటాయి. మినీ బైకుల్లోనూ ఎక్కువగా ఇదే పద్ధతి. పంపు ఇంజిన్ సాధారణంగా నిమిషానికి 3600 చుట్లు దాటదు. ఇంజిన్ వైపు 10 పళ్లు, చక్రం వైపు 60 పళ్ల స్ప్రాకెట్ (చైన్ పట్టే పళ్ల చక్రం) వేస్తే చక్రం 600 చుట్లు తిరుగుతుంది. 10 అంగుళాల స్కూటర్ చక్రం ఒక చుట్టుకి సుమారు 1.35 మీటర్లు పోతుంది కాబట్టి వేగం గంటకి దాదాపు 49 కిలోమీటర్లు. సరదాగా తిరగడానికి అంత అక్కర్లేదు. 72 పళ్లు వేస్తే 40కి దిగుతుంది, చక్రం దగ్గర లాగే బలం అయిదో వంతు పెరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారి వేడెక్కి కాలిపోయే టెన్షన్ కూడా తగ్గుతుంది.

ఇంజిన్ ఆ 3600 దాటకుండా చూసే భాగం గవర్నర్. స్పీడ్ కోసం దాన్ని తీసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దయచేసి వినకండి. ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్‌ని, చీల్చాలని చూసే ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. 3600ని 5400 చేస్తే వేగం ఒకటిన్నర రెట్లే, ఒత్తిడి మాత్రం రెండుంబావు రెట్లు. ఆ పోత ఫ్లైవీల్ అంత వేగానికి చేసింది కాదు. అది పగిలితే ముక్కలు పోయేది మీ కాళ్ల మధ్య నుంచే.

బ్రేకుదీ అదే లెక్క, ఆగే దూరమూ వేగం వర్గంతోనే పెరుగుతుంది. బ్రేకు ప్రతి సెకనుకీ వేగాన్ని సెకనుకి 3 మీటర్ల చొప్పున తగ్గిస్తుందనుకుంటే, 25 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి 8 మీటర్లలో ఆగుతుంది, 40లో ఉన్నది 20 మీటర్లు దాటుతుంది. చాలా మినీ బైకులకి వెనక బ్రేకు ఒక్కటే ఉంటుంది. బ్రేకు వేయగానే బరువు ముందుకి మళ్లి వెనక టైరు పట్టు తగ్గుతుంది, జర్రున జారుతుంది. రెండు చక్రాలకీ బ్రేకు లేని బండి ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

రిజిస్ట్రేషన్ లేని ఈ బండిని రోడ్డు మీద నడపకూడదు. ట్రాలీ ఆటోలో వేసుకుని, యజమాని ఒప్పుకున్న ఖాళీ స్థలానికి తీసుకెళ్లాలి. మైనర్ రోడ్డు మీద నడిపి దొరికితే తల్లిదండ్రులకో బండి ఓనర్‌కో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉండొచ్చు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో ఇది చేర్చారు.

కొనేవాళ్లు డబ్బు ఇచ్చే ముందు వెనక చక్రం గాల్లోకి లేపి ఇంజిన్ స్టార్ట్ చేయించండి. చెయ్యి వదలగానే యాక్సిలరేటర్ దానంతటదే వెనక్కి తిరగాలి. ఐడిల్‌లో చక్రం బలంగా తిరగకూడదు. ఇంజిన్ ఆపే స్విచ్ హ్యాండిల్ మీద, బొటనవేలికి అందేచోట ఉండాలి. చైన్‌కి గార్డు లేకపోతే ముందు అది బిగించమనండి, ఆ తర్వాతే రేటు మాట్లాడండి.