నీళ్ళలోకి దించాక కొలవాల్సిన సందు

ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరంలో మన తెలుగు జాలర్ల ఫైబర్ పడవలకు మోటారు బయట తగిలిస్తారు. ఇంజిను, ప్రొపెల్లరు ఒకే ముక్క కాబట్టి అక్కడ అలైన్‌మెంట్, అంటే రెంటినీ ఒకే వరసలో నిలిపే గొడవ లేదు. అదే గంజాం జిల్లాలో రంభ వైపు, చిలికా సరస్సులో లోపల డీజిల్ ఇంజిన్ పెట్టిన పడవకైతే గేర్‌బాక్స్ వెనక బిళ్ళ, ప్రొపెల్లరును తిప్పే కడ్డీ (షాఫ్ట్) బిళ్ళ ఒకదానికొకటి తిన్నగా ఆనాలి. ఈ జతనే కప్లింగ్ అంటారు.

బోల్టులు దిగాయి కదా, పని అయిపోయిందనుకుంటాం. కానీ బోల్టులకు బలం ఎక్కువ, వంకరగా ఉన్న బిళ్ళల్ని కూడా లాగి కలిపేస్తాయి. ఆ లాగుడుకు షాఫ్ట్ కంటికి కనబడనంత వంగుతుంది. ఇంజిన్ నిమిషానికి 1800 చుట్లు తిరిగి, గేర్‌బాక్స్ దాన్ని సగం చేస్తే, షాఫ్ట్ గంటకు 54,000 సార్లు అటూ ఇటూ వంగినట్టే. తీగను చేత్తో వంచి వంచి తెంపడం లాంటిదే ఇది. ఒక్కసారికి విరగని బరువైనా పదే పదే పడితే ఇనుము విరుగుతుందని 19వ శతాబ్దంలోనే జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద పరీక్షించి చూపాడు. షాఫ్ట్ విరిగేలోపే ఆయిల్ సీల్ కారుతుంది, బేరింగు ఒక పక్కే అరుగుతుంది, షాఫ్ట్ పడవ బయటికి వెళ్ళే చోట నీటిని ఆపే గ్లాండ్ దగ్గర నీళ్ళు ఎక్కువవుతాయి. అప్పుడు గ్లాండ్ బిగించి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. రోగం ఇంజిన్ దగ్గరుంది.

బోల్టులు తీసి బిళ్ళల్ని ఆనించి, పైనా కిందా రెండు పక్కలా ఫీలర్ గేజ్ రేకు (మందం తెలిసిన పలచని రేకు) దూర్చి సందు కొలవాలి. షాఫ్ట్ కొస తన బరువుకే కిందికి వాలుతుంది కాబట్టి దాన్ని కొంచెం ఎత్తి పట్టాలి. అలా పట్టకుండా చూసి ఇంజిన్‌ను దించితే తప్పు అవుతుంది. బిళ్ళ వ్యాసంలో ప్రతి అంగుళానికీ అంగుళంలో వెయ్యో వంతు తేడా ఉండొచ్చని వాడుక లెక్క. నాలుగంగుళాల బిళ్ళకు అది దాదాపు 0.1 మిల్లీమీటరు. పైన సందు ఎక్కువుంటే ఇంజిన్ ముందు భాగాన్ని లేపాలి.

అంతకంటే ముందు ఇంకో పరీక్ష ఉంది, నాకు బాగా ఇష్టమైనది. షాఫ్ట్ బిళ్ళను అర చుట్టు తిప్పి మళ్ళీ కొలవండి. సందు ఇంకా పైనే ఉంటే ఇంజిన్ వంకర. బిళ్ళతో పాటు కిందికొస్తే వంగింది షాఫ్టో, బిళ్ళో. అప్పుడు ఇంజిన్ కింద ఎన్ని షిమ్ములు (ఎత్తు సరిచేసే పలచని రేకులు) పెట్టినా దండగే.

ఇదంతా ఒడ్డు మీద చేస్తే సగం పనే అయినట్టు. అక్కడ పడవ బరువు దుంగల మీద రెండు మూడు చోట్ల పడుతుంది. నీళ్ళలోనైతే అడుగంతా మోస్తుంది, అడుగు ఆకారమే కాస్త మారుతుంది. చెక్క అయితే నీరు పీల్చి ఉబ్బుతుంది కూడా. అందుకే దించాక కనీసం ఒక రోజు ఆగి, మామూలుగా ఉండే డీజిల్, సామాను వేసి మళ్ళీ కొలవాలి. సీజన్‌లో ఒక రోజు పడవ ఆపమంటే యజమానికి టెన్షనే, కానీ వేరే దారి లేదు. చిలికాలో లోతు తక్కువ. ప్రొపెల్లరు సరస్సు అడుగుకు గట్టిగా తగిలితే మాత్రం ఆ రోజే కప్లింగ్ విప్పి అర చుట్టు తిప్పి చూడాలి.