దూలగొండి తీగ గురించి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

దూలగొండి కాయను ముట్టుకోవద్దని చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఎందుకు ముట్టుకోకూడదో కూడా మీకు తెలియాలి. ఉష్ణమండల ప్రాంతాలలో పొదల మీదికి, చెట్ల మీదికి ఎగబాకే ఈ తీగ చిక్కుడు కుటుంబానికి చెందినది. ఒక్కొక్క కాడకు మూడేసి ఆకులుంటాయి, ఊదారంగు పూలు గుత్తులుగా వేలాడతాయి. ఆ తరువాత వచ్చే కాయ కాస్త వంకర తిరిగి, ఒళ్ళంతా గోధుమరంగు నూగుతో నిగనిగలాడుతుంది. పిల్లల చేయి దాని మీదికి పోయేది ఆ అందం వల్లనే.

ఆ నూగులోని ప్రతి వెంట్రుకా సూదిలా మొనదేలి ఉంటుంది. కాయ ఎండేకొద్దీ అవి సులువుగా ఊడివస్తాయి కనుక, తీగ కదిలినా, గాలి వీచినా రాలి మన చర్మంలో గుచ్చుకుంటాయి. వాటిలో ఉండే మ్యుకునైన్ అనే ఎంజైము చర్మంలోని నరాల కొసలను ప్రేరేపించడం వల్ల ఓర్వలేని దురద, మంట పుడతాయి. దోమ కాటు దురదకు ముఖ్య కారణం మన శరీరంలోనే విడుదలయ్యే హిస్టమిన్. దూలగొండి దురద నడిచే దారి వేరు కాబట్టి, హిస్టమిన్‌ను అడ్డుకునే మందులు దీని మీద అంతగా పనిచేయవు. దురద ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఈ నూగునే పరిశోధనలలో వాడుతూ వచ్చారు.

కాబట్టి నూగు అంటుకున్నప్పుడు ఎంత దురద పుట్టినా గోకవద్దు, రుద్దవద్దు. రుద్దితే వెంట్రుకలు మరింత లోపలికి దిగి, పక్క చర్మానికి కూడా పాకుతాయి. జిగురు టేపును మెల్లగా అద్ది, పైకి లాగి వాటిని తీసేయాలి, ఆ తరువాతే కడుక్కోవాలి. వేసుకున్న బట్టలు వెంటనే మార్చి విడిగా ఉతకాలి. కంట్లో పడితే మాత్రం నలపకుండా, శుభ్రమైన నీటితో కడిగి, ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరికి వెళ్ళాలి.

ఇంత బాధపెట్టే కాయలోని గింజలలోనే ఎల్-డోపా అనే పదార్థం ఉంటుంది. చేతులు వణికే పార్కిన్సన్ వ్యాధికి వైద్యులు ఇచ్చే ముఖ్యమైన మందు అదే. ఆయుర్వేదంలోనూ ఈ గింజలను శుద్ధిచేసి వాడతారు. అయితే మందు కదా అని మీరు గింజను నోట్లో వేసుకోకూడదు, ఎందుకంటే మోతాదు మించితే వాంతులు, మనసు గందరగోళపడటం వంటివి కలుగుతాయి. దురదపెట్టే నూగు లేని రకాలు కూడా ఉన్నాయి. వాటి వేళ్ళ బుడిపెలలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేరుస్తుంది కనుక, రైతులు వాటిని పచ్చిరొట్ట ఎరువుగా పెంచి దున్నేస్తారు.

ఇట్లు,
మీ తాతయ్య